మర్రిపాడు మెట్టలో ప్రభుత్వ వైద్యం: సిబ్బంది, సేవలు, సలహా

మర్రిపాడు నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలికొండల వారగా ఉన్న మెట్ట మండలం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు వెళ్లే జాతీయ రహదారి ఈ మండలం గుండానే కడప జిల్లాలోకి ప్రవేశిస్తుంది. ఉత్తరాన ఉదయగిరి, తూర్పున ఆత్మకూరు దీనికి దగ్గరి పట్టణాలు. నెల్లూరు పేరు చెప్పగానే కళ్లముందు మెదిలే పెన్నా డెల్టా మాగాణులు ఇక్కడ కనిపించవు. వాననూ బోరునూ నమ్ముకున్న చేలు, పొగాకు తోటలు, గొర్రెల మందలు, పని దొరకని నెలల్లో వలసపోయే కూలి కుటుంబాలు ఈ ప్రాంతపు బతుకు. జిల్లాకు పెద్దాసుపత్రి నెల్లూరులో ఉంది. అక్కడి నుంచి ఆత్మకూరుకే దాదాపు 60 కిలోమీటర్లు. మర్రిపాడు ఇంకా పడమటికి పోవాలి. ఇంత దూరాన ఉన్న మండలంలో జబ్బు చేసిన మనిషికి మొదట ఎదురయ్యేది స్పెషలిస్టు డాక్టరు కాదు. ఊళ్లోని ఆశా కార్యకర్త, ఉపకేంద్రంలోని ఏఎన్‌ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోని స్టాఫ్ నర్సు, అక్కడి వైద్యాధికారి ఎదురవుతారు. వీళ్ల పనిలో సగం సూది, మందు. మిగతా సగం మాట. ఏం తినాలి, ఏ నీళ్లు తాగాలి, ఏ జ్వరానికి ఆగవచ్చు, ఏ నొప్పికి వెంటనే బయల్దేరాలి అని చెప్పడం. ఆ మాటను సాధారణంగా వైద్యానికి అనుబంధంగా, తీరిక ఉంటే చేసే ప్రచారంగా చూస్తారు. ఆధారాలను వరసగా పరిశీలిస్తే తేలేది వేరు. ఆరోగ్య సలహా వైద్యంలో భాగమే. దాని వెనక మందు, పరీక్ష, మంచినీళ్లు, బండి ఉన్నచోట జనం దాన్ని పాటిస్తారు. అవి లేనిచోట ఎంత చక్కగా చెప్పినా అది ఉపదేశంగా మిగిలిపోతుంది.

వ్యవస్థ వచ్చిన దారి

పల్లె గడప దాకా ప్రభుత్వ వైద్యం రావాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందే రూపు కట్టింది. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చిన కమిటీ, జబ్బు వచ్చాక చేసే చికిత్సనూ జబ్బు రాకుండా చూసే పనినీ విడదీయరాదని, డబ్బు ఇచ్చుకోలేనివారికి వైద్యం అందకపోయే పరిస్థితి ఉండరాదని చెప్పింది. 1952లో మొదలైన సమాజ వికాస పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు రాసాగాయి. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక కేంద్రం, 5 వేలకు ఒక ఉపకేంద్రం అన్న కొలత తర్వాత స్థిరపడింది. ఊరి మనిషికే కొంత శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తగా నిలపాలన్న ప్రయత్నం 1977లో దేశమంతటా జరిగింది కానీ నిలదొక్కుకోలేదు. 1978లో ఆల్మా ఆటా సమావేశం ప్రాథమిక వైద్యాన్ని ప్రపంచ దేశాల ఉమ్మడి లక్ష్యంగా ప్రకటించింది. ఊరి కార్యకర్త ఆలోచన మళ్లీ ప్రాణం పోసుకున్నది 2005లో, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తెచ్చిన ఆశాలతో.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది నుంచి రెండు ధోరణులు పక్కపక్కనే నడిచాయి. ఒకటి రోగిని పెద్దాసుపత్రికి చేర్చేది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఈ కోవలోవి. ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. రెండోది వైద్యాన్ని ఊరికి తెచ్చేది. నెలకు ఇన్నిసార్లని లెక్కగా ఊరికి వచ్చే 104 వాహనం, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఏఎన్‌ఎంల నియామకం, రాష్ట్రమంతటా పదివేలకు పైగా గ్రామ ఆరోగ్య క్లినిక్కులు, 2023 ఏప్రిల్ 6న పూర్తిస్థాయిలో ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం దీని మెట్లు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా బోర్డులు మారాయి. క్లినిక్కుల గోడల మీద ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అన్న పేరు కనిపిస్తుంది. పేరు ఏదైనా, ఊరికి కావలసింది మారలేదు: వచ్చే మనిషి ఒకరే అయి ఉండటం, వచ్చిన చేతిలో మందు ఉండటం.

ఎవరి పని ఏమిటి

పీహెచ్‌సీలో వైద్యాధికారి, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ ఉంటారు. ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం కేంద్రానికి ఇద్దరు డాక్టర్లుండాలి. ఒకరు ఓపీ చూస్తే, రెండోవారు 104 వాహనంతో ఊళ్లకు వెళ్తారు. క్లినిక్కులో నర్సింగ్ చదివి అదనపు శిక్షణ పొందిన ఎంఎల్‌హెచ్‌పీ కూర్చుంటారు. జనం ఆమెను కూడా ‘నర్సమ్మ’ అనే పిలుస్తారు. బీపీ, షుగర్ పరీక్షించి, డాక్టరు రాసిన మాత్రలు నెలనెలా ఇవ్వడం ఆమె ముఖ్యమైన పని. ఏఎన్‌ఎం గర్భిణుల నమోదు, బుధ శనివారాల టీకాలు, ఇంటింటి సర్వే చూస్తుంది. వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున ఉండే ఆశా ఆ ఊరి కోడలో కూతురో అయి ఉంటుంది. అందరికంటే తక్కువ జీతం, అందరికంటే ఎక్కువ గడపలు ఆమెవే. ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రులు పై మెట్టు. ఆ పైన నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి.

ఈ నిచ్చెనలో అట్టడుగు మెట్టు మీద జరిగే పనిని దగ్గరగా చూస్తే సలహాకూ వైద్యానికీ మధ్య గీత ఎంత పలచనో తెలుస్తుంది. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బాలింతను ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి. మొదట సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. బిడ్డ చంకలో థర్మామీటరు పెట్టి వేడి చూస్తుంది. బిడ్డను ఉయ్యాల తక్కెడలో వేసి తూస్తుంది. పొట్ట మీద గుడ్డ తొలగించి గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే రెండోసారి లెక్కపెట్టి, మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికి పంపాలి. బొడ్డు చుట్టూ ఎర్రబడిందా, చీము పట్టిందా, బిడ్డ రొమ్ము గట్టిగా పట్టి తాగుతోందా, నిన్నటికంటే నీరసంగా ఉందా అని చూస్తుంది. ఈ చూపు అయ్యాకే ఆమె మాట మొదలవుతుంది: బొడ్డు మీద పసుపూ నూనే ఏదీ రాయొద్దు, తేనె నాకించొద్దు, ఆర్నెల్ల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు, బిడ్డను గుండెలకు హత్తుకుని వెచ్చగా ఉంచు. అదే మాటలు గోడ మీద పోస్టరులో ఉంటే అత్తగారు పట్టించుకోదు. తక్కెడ పట్టుకుని వచ్చిన మనిషి, పోయిన వారం కంటే ఇన్ని గ్రాములు పెరిగిందని చూపించి చెబితే వింటుంది. కొలతే ఆ మాటకు పూచీకత్తు.

సలహా ఎక్కడ పనిచేసింది, ఎక్కడ పనిచేయలేదు

ఈ వాదనకు మొదటి ఆధారం రాష్ట్ర గణాంకాల్లోనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నాలుగైదేళ్ల ముందటి సర్వేలో ఆ సంఖ్య 60 శాతం. ఒకే ఏఎన్‌ఎం, ఒకే ఆశా, ఒకే ఊరు, రెండు సలహాలు. ‘కాన్పుకు ఆసుపత్రికి రండి’ అన్నది గెలిచింది. ‘ఐరన్ మాత్ర వేసుకోండి, ఆకుకూర తినండి’ అన్నది ఉన్నచోటే ఉంది. మొదటి సలహా వెనక 108 బండి ఉంది, కాన్పు గది ఉంది, డబ్బు సాయం ఉంది, ఒక్కసారి పాటిస్తే చాలు. రెండోదాని వెనక ఉన్నది ఒక మాత్రల అట్ట. ఆ మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం. అది మామూలేనని ముందే చెప్పేవారు లేకపోతే మూడోనాడు అట్ట గూట్లోకి పోతుంది. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీ కాఫీలకూ దానికీ గంటైనా ఎడం ఉండాలి, క్యాల్షియం మాత్రతో కలిపి మింగకూడదు, నిమ్మకాయ పిండుకున్న అన్నం మంచిది అన్నవి చిన్న మాటలే. కానీ అవి మాత్ర చేతిలో పెట్టిన రోజునే చెప్పాలి, వారం తర్వాత మళ్లీ వచ్చి ఎలా ఉందని అడగాలి, రక్తం పెరిగిందో లేదో పరీక్షించి అంకె చెప్పాలి. ఆకుకూర కొనే డబ్బు, ఇంట్లో అందరికంటే చివర తినే అలవాటు సలహా ఒక్కదానితో మారేవి కావు; అందుకే అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఆ సలహాలో భాగం.

రెండో ఆధారం తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి పల్లె స్త్రీలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పి, ఇళ్లకు పంపారు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్లలో నెలలోపు శిశు మరణాలు, పోల్చి చూసిన ఊళ్ల కంటే 62 శాతం తగ్గాయి. ఈ కథను తరచు ‘అవగాహన విజయం’గా చెబుతారు. అది సగం నిజం. ఆ స్త్రీల సంచిలో ఊపిరి అందని బిడ్డకు గాలి కొట్టే సాధనం, సెప్సిస్‌కు ఇచ్చే యాంటీబయాటిక్ మందు కూడా ఉన్నాయి. వాళ్లు ప్రమాద సూచన చెప్పి ఊరుకోలేదు, చేయాల్సింది అక్కడే చేశారు. ఇవాళ దేశమంతటా ఆశాలు చేస్తున్న నవజాత శిశు గృహ సందర్శనలకు మూలం అదే.

మూడోది మన రాష్ట్రంలోనే తేలిన నిజం, ఇది మింగుడుపడనిది. 2003–04లో గోదావరి ప్రాంతంలో 45 ఊళ్ల మరణాలను ఏడాది పాటు నమోదు చేసిన అధ్యయనంలో సుమారు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. పల్లెల్లో అంటురోగాలే పెద్ద సమస్య అన్న నమ్మకాన్ని అది తలకిందులు చేసింది. తర్వాత పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశాలకు ట్యాబ్లెట్లు ఇచ్చి, నలభై దాటినవారి గుండెజబ్బు ముప్పును లెక్కగట్టించి, సలహా చెప్పించి, డాక్టరు దగ్గరికి పంపించారు. 2019లో వెలువడిన ఫలితం: పనిని ఆశాలు చక్కగా చేశారు; కానీ బీపీ అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో మామూలు ఊళ్లకూ ఈ ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సలహా దండగ అనడానికి దీన్ని వాడుకోవచ్చు. అయితే బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో జరిగిన, 2020లో వెలువడిన ఇలాంటి ప్రయోగం వేరే ఫలితం చూపింది. అక్కడ ఇంటికొచ్చే కార్యకర్తకు తోడు శిక్షణ పొందిన డాక్టర్లు, రోగులను ఇద్దరి మధ్య నడిపించే సమన్వయం ఉన్నాయి. పైబీపీ సగటున 5 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. రెండిటినీ పక్కపక్కన పెడితే, జబ్బును కనిపెట్టడం ఒక పని, కనిపెట్టాక ప్రతి నెలా మాత్ర చేతికందేలా చూడటం వేరే పని అని అర్థమవుతుంది. మొదటిది చేసి రెండోది వదిలేస్తే, బీపీ ఉందన్న దిగులు తప్ప ఆ మనిషికి మిగిలేది ఏమీ ఉండదు.

మెట్ట ప్రాంతం అడిగే సలహాలు

రాష్ట్రమంతటికీ ఒకే కరపత్రం అచ్చు వేయడం సులువు. మర్రిపాడు, ఉదయగిరి వంటి చోట్ల అది చాలదు. ఒక్కోసారి తప్పు కూడా అవుతుంది. నీళ్ల సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. ‘కాచి చల్లార్చిన నీళ్లు తాగండి’ అన్నది విరేచనాలకు, కామెర్లకు సరైన మాట. ఉదయగిరి మెట్టలో బోరునీళ్లలో ఉండే ఫ్లోరైడు మాత్రం కాగితే పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ చిక్కబడుతుంది. ఈ సమస్య కొత్తది కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి శాస్త్రీయంగా వర్ణించింది నెల్లూరు జిల్లాలోనే. షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ప్రచురించిన పత్రం పేరులోనే ఈ జిల్లా ఉంది. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఆనాడు నెల్లూరు జిల్లావే. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఎదిగే వయసులో ఎక్కువైతే గారపళ్లు, ఏళ్ల తరబడి తాగితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోవడం. ఇక్కడ ఏఎన్‌ఎం చెప్పగలిగిన మంచి సలహా ఏమిటి? ఏ బోరులో ఫ్లోరైడు ఎంతుందో పరీక్షించి, తాగే నీటి కుళాయినీ వాడుకనీటి కుళాయినీ వేరు చేసి, పాలు తాగే వయసు దాటిన పిల్లలకు మంచినీళ్లు ఏవో చూపించడం. మంచినీళ్లు చూపించలేనప్పుడు ‘ఈ నీళ్లు తాగొద్దు’ అనడం క్రూరత్వం. అందువల్ల సోమశిల జలాశయం నీళ్లను ఈ మెట్టకు ఎక్కించే హైలెవల్ కాలువ, ఇంటింటి కుళాయి పథకం నీటిపారుదల శాఖవీ గ్రామీణ నీటి సరఫరా శాఖవీ అయినా, వాటి జాప్యం ఆరోగ్య శాఖ మాటను చులకన చేస్తుంది. ఫలితం ఇంకో దారిలో కూడా కనిపిస్తుంది. కీళ్లనొప్పులతో కూలికి పోయే మనిషి నొప్పి మాత్రలను రోజూ మింగితే దెబ్బ మూత్రపిండాల మీద పడుతుంది. ‘నొప్పి బిళ్లలు మానెయ్’ అన్న సలహా ఒక్కటే ఆ మనిషికి సరిపోదు.

పాముకాటు ఇంకో ఉదాహరణ. 2000–2019 మధ్య దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని, ఏడాదికి సగటున 58 వేలని 2020లో వెలువడిన అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెవాసులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటి విషానికి ఒకే విరుగుడు ఇంజెక్షను పనిచేస్తుంది. ఊళ్లో చెప్పాల్సింది కొద్దిపాటిదే: కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఉంగరం, గాజులు, పట్టీలు వాపు రాకముందే తీసేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద వేసి కాలో చెయ్యో కదలకుండా ఉంచి బండెక్కించండి. కట్లపాము నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కరుస్తుంది. గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే దాన్ని అజీర్తి అనుకోకూడదు. మంచం, దోమతెర, చేతిలో టార్చిలైటు ఇక్కడ మందు కన్నా ముందువి. ఆసుపత్రిలో జరిగే పరీక్ష కూడా అంతే సాదాది. ఆరిన శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా పారితే పింజరి జాతి విషం ఒంట్లో పనిచేస్తోందని అర్థం. వెంటనే విరుగుడు ఎక్కించాలి. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, గొట్టం ప్లాస్టిక్‌ది కాకుండా గాజుదై ఉండాలి, రాత్రి రెండింటికి ఆ పరీక్ష చేసే నర్సు ఉండాలి, బీరువాలో విరుగుడు ఉండాలి. ఇవి పీహెచ్‌సీలోనే ఉంటే ‘మంత్రం వేయించొద్దు, ఆసుపత్రికి రండి’ అన్న మాటకు బలం. ఒకసారి వచ్చినవాళ్లను ‘ఇక్కడ మందు లేదు, నెల్లూరు పొండి’ అని తిప్పి పంపితే, ఆ ఊరు రెండోసారి మొదట మంత్రగాడి దగ్గరికే పోతుంది. దాన్ని మూఢనమ్మకం అనడం తేలిక. ఆ ఊరివాళ్ల లెక్కలో అది దగ్గరి దారి.

పొగాకు సలహాకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో ఒకటి మర్రిపాడు మండలం డీసీ పల్లిలోనే ఉంది. ఏడాది రాబడి పొగాకు మీద ఆధారపడిన ఇంటికి వెళ్లి ‘పొగాకు విషం’ అనడంలో పస ఉండదు. తడి ఆకు కోసేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి వాంతులు, తలతిప్పు వస్తాయని, మంచు ఆరాక కోయాలని, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలని, ఇంటికొచ్చాక ఒళ్లు కడుక్కోవాలని చెబితే కూలీలు చెవిన పెడతారు. అది వాళ్ల ఒంటికి తెలిసిన బాధ గనక. అలా సంపాదించుకున్న నమ్మకంతో బీడీ, చుట్ట, నోటి పుండ్ల సంగతి తర్వాత మాట్లాడవచ్చు.

జనమే సలహాను చేతిలోకి తీసుకున్నప్పుడు

ఉదయగిరి ప్రాంతపు ఆరోగ్య చరిత్రలో అతి పెద్ద ఘట్టం ఏ ఆసుపత్రిలోనూ జరగలేదు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడుల్లో కూలి స్త్రీలు చదువుతో పాటు ఇంటి కష్టాలు చెప్పుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందుండగా 1992లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. నిషేధం 1997లో సడలిపోయినా ఈ ఘటన చెప్పే సంగతి సడలలేదు. సారా చెడ్డదని ఆ స్త్రీలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. వాళ్లకు కావలసింది ఆ మాటను అమలు చేయగల బలం. ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు దొరికాక ఆ బలం వచ్చింది. ఆరోగ్య కార్యకర్త ఒంటరిగా గడపగడపకూ తిరిగి చెప్పడం కంటే, పొదుపు సంఘం సమావేశంలో పదిమంది మధ్య చెప్పిన మాటకు పట్టు ఎందుకు ఎక్కువో దూబగుంట చెబుతుంది. అక్కడ ఆ మాటను పట్టుకుని ‘అయితే మా ఊరి బోరు ఎందుకు పరీక్షించలేదు’ అని పంచాయతీని నిలదీసేవాళ్లుంటారు.

ఆక్షేపణలు

ఈ వాదన మీద గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది: అసలు ఆసుపత్రిలో మనుషులే లేనప్పుడు సలహా గురించి మాట్లాడటం ఏమిటని. 2000ల ఆరంభంలో ముందుగా చెప్పకుండా వెళ్లి చూసిన ఒక అంతర్జాతీయ అధ్యయనం భారత ప్రాథమిక కేంద్రాల్లో దాదాపు 40 శాతం సిబ్బంది ఆ సమయానికి లేరని తేల్చింది. ఆ కోపం న్యాయమైనదే. పరిష్కారంగా వేలిముద్ర, ముఖం గుర్తుపట్టే హాజరు యంత్రాలు వచ్చాయి. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లాలో నర్సుల హాజరును సమయ ముద్రలతో గమనించిన ప్రయోగం మొదట బాగా పనిచేసి, అధికారులే మినహాయింపులు ఇవ్వడం మొదలుపెట్టాక ఏడాదిన్నరలోపే నీరుగారింది. యంత్రం మనిషిని గదిలో కూర్చోబెట్టగలదు గానీ రోగితో మాట్లాడించలేదు. పైగా ఏఎన్‌ఎం, ఆశా పని గదిలో కాదు, వీధిలో. వారు రాని ఊరివాళ్లు గ్రామసభలో పేరుపెట్టి అడగగలగడం యంత్రం కంటే నిక్కమైన హాజరు పట్టీ.

రెండోది: జనం వినరు, చెప్పి చెప్పి విసిగిపోయామన్నది సిబ్బంది వైపు మాట. 96.5 శాతం కాన్పులు ఆసుపత్రికి మారిన రాష్ట్రంలో జనం వినరనడం కుదరదు. మంత్రసానిని, ఇంటి కాన్పును ఒక్క తరంలో వదిలేసినవాళ్లు మాత్రను మాత్రం వదిలేస్తున్నారంటే, చెప్పిన తీరులో, మాత్ర అందిన తీరులో లోపం వెతకాలి. ఇందుకు సమయం కూడా కారణం. 67 దేశాల లెక్కలు చూసిన 2017 నాటి సమీక్షలో డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా. మన ఓపీలు బంగ్లాదేశ్‌కే దగ్గర. రెండు నిమిషాల్లో షుగర్ రోగికి తిండి, నడక, పాదాల జాగ్రత్త, మాత్రల వేళలు ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ పనికి చదువుకున్న నర్సు ఉంది. చీటీ మీద రాసిన మందుతో పాటు ఆ పది నిమిషాలు కూడా రాయాలి.

మూడోది ఆర్‌ఎంపీల గురించి. డిగ్రీ లేకున్నా వైద్యం చేస్తూ, ఊళ్లో పిలిస్తే పలికే ఆర్‌ఎంపీ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు, వాళ్లను ఏరివేయాలని కొందరు అంటారు. నెల్లూరులో కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య సోదరుడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నడిపిన ప్రజా వైద్యశాల, డాక్టరు అడుగుపెట్టని పల్లెల కోసం ఎందరికో వైద్య శిక్షణ ఇచ్చి పంపింది. కనక ఈ జిల్లాలో ఆర్‌ఎంపీ చరిత్ర ఒక్క మోసం కథే కాదు. పశ్చిమ బెంగాల్‌లో ఇలాంటివారికి నెలల తరబడి శిక్షణ ఇచ్చి చూసిన అధ్యయనం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. జబ్బును సరిగా చూసే తీరు మెరుగుపడింది. అక్కర్లేని మందులు రాయడం మాత్రం తగ్గలేదు. కారణం తెలిసిందే: ఆయన బతుకు మందు అమ్మకం మీద ఉంది. ‘నీకు సూది అక్కర్లేదు, ఓఆర్‌ఎస్ చాలు’ అని నష్టం లేకుండా చెప్పగలిగేది జీతం మీద పనిచేసే ప్రభుత్వ నర్సు ఒక్కతే. విరేచనాల బిడ్డకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పొట్లం మొత్తం కలిపి, గ్లాసుకింత కాకుండా గుక్కగుక్కగా తాగించి, జింకు మాత్ర పద్నాలుగు రోజులు ఆపకుండా వేయించడం సూది కంటే చవక, సూది కంటే మేలు. ఆ సలహాను అమ్మకం నుంచి విడదీయడమే ప్రభుత్వ వైద్యానికి ఉన్న అసలు లాభం.

నాలుగోది ఆశాల వైపు నుంచి వచ్చేది, అన్నిటికంటే బరువైనది. సర్వేలు, యాప్‌లు, శిబిరాలు అన్నీ ఆమె నెత్తిన వేసి, ఇప్పుడు సలహా కూడా వైద్యమే అంటే పని పెరుగుతుందే తప్ప గౌరవం పెరుగుతుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆశాలను అవార్డుతో సత్కరించింది. రాష్ట్రంలో గౌరవ వేతనం 2019లో నెలకు 10 వేలకు పెరిగింది. అయినా ఆమె ఇంకా ‘వాలంటీరే’, ఉద్యోగి కాదు. ఈ ఆక్షేపణ వాదనను కూల్చదు, దాని ఖర్చును గుర్తుచేస్తుంది. సలహా వైద్యమే అయితే దానికి జీతం, సమయం, సెలవు ఉండాలి; ఒకే సందర్శనను మూడు యాప్‌లలో ఎక్కించే గంటలు తీసేసి బాలింత ఇంటికి ఇవ్వాలి. ఫోను వైద్యం ఈ లోటు తీరుస్తుందని కొందరి ఆశ. ఈ-సంజీవని ద్వారా ఆంధ్రప్రదేశ్ పల్లెలు దూరపు డాక్టర్లతో బాగానే మాట్లాడుతున్నాయి, ఆత్మకూరు దాకా ప్రయాణం తప్పుతోంది. కానీ తెర మీది డాక్టరు బిడ్డ ఊపిరి లెక్కపెట్టలేడు, బోరునీళ్లు పరీక్షించలేడు. ఫోను అవతల డాక్టరు, ఇవతల పరికరం పట్టుకున్న నర్సమ్మ ఇద్దరూ ఉంటేనే అది పూర్తవుతుంది.

కొలమానం

ఆరోగ్య శాఖ నివేదికల్లో అవగాహన సదస్సులు ఎన్ని, కరపత్రాలు ఎన్ని, సందర్శనలు ఎన్ని అన్న లెక్కలుంటాయి. పై ఆధారాలన్నీ నిజమైతే ఈ లెక్కలు చెప్పిన మాటలను కొలుస్తాయే గానీ నెరవేరిన మాటలను కావు. మర్రిపాడు లాంటి మండలంలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. బీపీ ఉందని చెప్పినవారిలో ఆరో నెలలో కూడా మాత్ర అందుకున్నది ఎందరు? రక్తం తక్కువని తేలిన గర్భిణుల్లో కాన్పు నాటికి అది పెరిగింది ఎందరికి? పీహెచ్‌సీలో పాము విరుగుడు లేని రాత్రులు ఏడాదిలో ఎన్ని? ఫ్లోరైడు ఎక్కువని తేలిన బోరుకు బదులు నీళ్లు ఎన్నాళ్లకు వచ్చాయి? ఈ నాలుగు అంకెలను ప్రతి ఏటా క్లినిక్కు గోడ మీద, గ్రామసభలో వెల్లడిస్తే, ఆశా మాటకు ఎక్కడ విలువ పోతోందో, ఆ తప్పు ఆమెదో పైవారిదో ఊరికే తెలిసిపోతుంది. అప్పుడు జనాన్ని మార్చాలన్న ఉపన్యాసాలకు ముందు, మందుల సరఫరా, రాత్రి డ్యూటీ, నీటి పరీక్ష సరిచేయాల్సిన పనులుగా కనిపిస్తాయి. వాటిని సరిచేయడం జిల్లా యంత్రాంగం చేతుల్లో ఉన్న పనే.